సంఘం పొదుపు ఖాతాపై బ్యాంకు పెట్టిన హోల్డు తీయించడం ఎలా?

మాది ఖమ్మం జిల్లాలో పన్నెండు మంది సభ్యులున్న మహిళా స్వయం సహాయక సంఘం. నేను రెండో లీడరును. గత ఏడాది బ్యాంకు లింకేజీ (సంఘాలకు బ్యాంకు నేరుగా అప్పిచ్చే పద్ధతి) కింద 6 లక్షల అప్పు తీసుకున్నాం. ప్రతి నెలా 10వ తేదీలోపు వాయిదా కడుతున్నాం, ఒక్కటీ తప్పలేదు. అయినా జూన్ నుంచి మా పొదుపు ఖాతాలోని 84,000 రూపాయలు తీయనివ్వడం లేదు. పాస్‌బుక్కులో నిల్వ కనిపిస్తుంది, కౌంటరులో మాత్రం "హోల్డు ఉంది" అని తిప్పి పంపుతున్నారు. ఊళ్లో మరో సంఘం బకాయి పడిందట, అది కట్టేవరకు ఇంతేనట!

సంఘాలకు ఇచ్చే 10 లక్షల లోపు అప్పులకు పొదుపు ఖాతాపై లీన్ (అప్పుకు హామీగా డబ్బు తీయకుండా ఆపడం) పెట్టరాదని రిజర్వు బ్యాంకు మార్గదర్శకాల్లో ఉంది. ఆ కాగితం చూపించాం. తీర్మానం రాసి, అందరం సంతకాలు చేసి మేనేజరుకు ఇచ్చాం. అందినట్లు ముద్ర వేయడానికి ఒప్పుకోలేదు. గ్రామ సమాఖ్యలో (ఊళ్లోని సంఘాలన్నీ కలిసిన సంస్థ) చెబితే ఏపీఎం (సంఘాల పని చూసే అసిస్టెంట్ ప్రాజెక్టు మేనేజరు) బ్యాంకుకు ఫోను చేసి మాట్లాడారు, ఫలితం లేదు.

ఒక సభ్యురాలు కుట్టుమిషను కొనడానికి 15,000 అడిగితే, తీర్మానాల పుస్తకంలో మంజూరు రాసి కూడా ఇవ్వలేకపోయాం. చివరికి ఆమె నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చుకుంది. ఆ వడ్డీల నుంచి బయటపడడానికే కదా సంఘం పెట్టుకున్నది!

అంబుడ్స్‌మన్ (బ్యాంకులపై ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అధికారి) దగ్గరికి వెళ్లాలంటే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులు ఆగాలి. ఇలాంటి హోల్డు తీయించుకున్న సంఘాలవారు చెప్పండి: ఆ ఫిర్యాదును స్పీడ్ పోస్టులో మా శాఖకు పంపితే సరిపోతుందా, ప్రాంతీయ కార్యాలయానికి పంపాలా?