అమెరికా కాలేజీలో రోయింగ్ కోచ్ అవ్వాలంటే?

హుస్సేన్ సాగర్‌లో రోయింగ్ నేర్చుకున్న మా తమ్ముడు అక్కడ ఎమ్మెస్ చేస్తున్నాడు. కాలేజీ కోచింగ్‌లోకి దారేంటి?

జవాబు 1: మహిళల జట్ల వైపు చూడమనండి. 1997 నుంచి ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) ఛాంపియన్‌షిప్ ఉన్నది వాళ్లకే. టైటిల్ నైన్ (చదువుల్లో, కాలేజీ ఆటల్లో ఆడామగా వివక్ష కూడదనే చట్టం) పుణ్యమా అని పోస్టులూ అటే ఎక్కువ.

జవాబు 2: మొదటి మెట్టు వాలంటీర్ లేదా గ్రాడ్యుయేట్ అసిస్టెంట్. మెగాఫోన్ పట్టుకుని అరవడమే అనుకుంటారు గానీ, లాంచ్ (కోచ్ వెళ్లే మోటారు పడవ) నడపాలి, పడవల ట్రైలర్ లాగాలి, రిగ్గింగ్ (పడవకి తెడ్ల అమరిక సరిచేయడం) రావాలి. స్వీప్ ఎయిట్‌కి (ఒక్కొక్కరూ ఒక్కో తెడ్డే వేసే ఎనిమిది మంది పడవ) స్ప్రెడ్, అంటే పడవ మధ్య గీత నుంచి తెడ్డు తిరిగే పిన్ దాకా దూరం, సుమారు 84 సెం.మీ., పిచ్, అంటే నీళ్లలో తెడ్డు రెక్క వాలు, 4 డిగ్రీలు. పిచ్ తగ్గితే తెడ్డు లోతుకి దిగిపోతుంది, ఎక్కువైతే పైకి జారిపోతుంది.

జవాబు 3: ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) అయితే సెమిస్టర్‌లో క్యాంపస్ పని వారానికి 20 గంటలే. వాలంటీర్ పనికైనా ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగాలి.