‘దాసుడు’ స్వతంత్రుడెలా అవుతాడు? ఒక వాక్యం మీద చర్చ

విజయనగరం నుంచి:

పోయిన ఆదివారం ఆరాధనలో చదివిన వాక్యం, బైబిలులో పౌలు రాసిన ఉత్తరం మొదటి కొరింథీయులకు 7:22. ‘ప్రభువునందు పిలువబడిన దాసుడు ప్రభువు వలన స్వాతంత్ర్యము పొందినవాడు. ఆ ప్రకారమే స్వతంత్రుడైయుండి పిలువబడినవాడు క్రీస్తు దాసుడు.’ ఇంటర్ చదివే మా మేనల్లుడు ఇంటికి వస్తూ అడిగాడు: “అత్తా, ఇంతకీ ఇందులో దాసుడెవరు, స్వతంత్రుడెవరు?” నవ్వేశాను గానీ జవాబు తోచలేదు.

నాకు ఇంట్లో ఇంకో చిక్కు కూడా ఉంది. మా నాన్న రాజాం దగ్గర పల్లెలో పదేళ్ల వయసు నుంచి పెళ్లయ్యే వరకు కంబారిగా, అంటే పాలేరుగా ఉన్నారు. ఏడాదికి ఇన్ని గింజలు, రెండు జతల బట్టలు, పశువుల శాలలో పడక. చర్చిలో ఆయన అన్ని పాటలూ పాడతారు గానీ ‘దాసుడు’ అన్న మాట వచ్చిన చోట గొంతు కలపరు. ప్రార్థనలో అందరూ ‘నీ దాసుడనైన నేను’ అంటే ఆయన ‘నీ పనివాణ్ణి’ అంటారు. అదే మనిషి శనివారం సాయంత్రం వెళ్లి చర్చి ఊడ్చి, చాపలు దులిపి, మర్నాటికి పరిచి వస్తారు. చెప్పేవారు లేరు, ఇచ్చేవారూ లేరు. డెబ్బై దాటాయి, మోకాళ్లు సహకరించవు, ఇక మానెయ్యమన్నాను. “అక్కడ మానాలనుంటే మాననివ్వలేదు. ఇక్కడ మానేయమన్నా నాకు మానాలని లేదు” అన్నారు.

ఆ వాక్యంలో ‘సేవకుడు’ అని పెట్టి ఉంటే ఈ బాధ ఉండేది కాదు కదా? పెద్దలు చెప్పండి.

బొబ్బిలి నుంచి:

అమ్మా, ‘సేవకుడు’ చాలదు. మూలమైన గ్రీకులో ఇక్కడున్న మాట ‘దూలోస్’, అంటే యజమాని సొత్తయిన బానిస. పరిచర్య చేసేవాడికి ‘దియాకొనోస్’ అని వేరే మాట ఉంది. తెలుగు బైబిలు ఈ రెంటినీ కలిపేయలేదు. మార్కు 10:43లో గొప్పవాడు కాగోరితే ‘పరిచారము చేయువాడై’ ఉండాలి, 44లో ప్రముఖుడు కాగోరితే ‘అందరికి దాసుడై’ ఉండాలి. ఒక మెట్టు దించి, ఇంకో మెట్టు దించింది. రెండుచోట్లా ‘సేవకుడు’ అంటే ఆ మెట్టు పోతుంది. అయినా సేవకుడన్న మాటలో ఇప్పుడు సేవ ఎంత మిగిలింది? ‘దైవసేవకులు’ అనగానే నాకు దండతో ఉన్న ఫ్లెక్సీ కనబడుతుంది. ఎవరూ నొచ్చుకోకండి. మా తమ్ముడూ పాస్టరే, వాడి ఫ్లెక్సీ చూసే అంటున్నాను.

అయితే ‘దాసుడు’కీ ఒక ఇబ్బంది ఉంది. మన ప్రాంతంలో ఆ మాట వింటే బానిస గుర్తుకు రాడు, హరికథలు చెప్పిన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) గుర్తుకొస్తారు. విజయనగరంలో ఇప్పటికీ ‘దాసుగారు’ అంటే ఆయనే. దాసు పక్కన గారు చేరిందంటే ఆ మాట కాలికున్న సంకెల ఊడి ఎన్నాళ్లయిందో చూడండి. హరిదాసు, రామదాసు, దాసోహం... భక్తి దాన్ని మెత్తబరిచింది. క్రాన్, దెగ్రాంజ్ అనే లండన్ మిషన్ వారు 1805లో విశాఖపట్నంలో దిగి, ఆనందరాయలనే ఆయన సాయంతో బైబిలు తెలుగు అనువాదం మొదలుపెట్టారు. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. హరిదాసులు తిరిగే వీధుల పక్కన కూర్చుని పనిచేసినవారికి ఈ మెత్తదనం తెలియకుండా ఉండదని నా ఊహ.

అందుకే మీ నాన్నగారి మౌనం నాకు విలువైనదిగా తోస్తోంది. ఆ ఉత్తరం కొరింథులో చదువుతుంటే విన్న బానిసకు ఆ మాట ఎలా తగిలి ఉంటుందో ఆయనకు అలా తగులుతోంది. మనకు అది ఒట్టి అలంకారం.

ఇక మేనల్లుడి ప్రశ్న. ఆ వాక్యంలో స్వతంత్రులు ఇద్దరున్నారు, ఇద్దరూ ఒకటి కారు. ‘స్వాతంత్ర్యము పొందినవాడు’ వేరు, ‘స్వతంత్రుడైయుండి’ పిలుపు విన్నవాడు వేరు. గ్రీకులోనూ రెండు వేర్వేరు పదాలు. మొదటిది విడుదలైన బానిసకు వాడే మాట. రోమా చట్టంలో అలాంటివాడు విడిచిపెట్టిన యజమాని ఇంటిపేరు తగిలించుకునేవాడు, ఆయనకు కొంత ఊడిగమూ మర్యాదా బాకీ ఉండేవాడు, కష్టమొస్తే ఆయన అండ ఉండేది. పౌలు బానిసతో ‘నిన్ను విడిపించినవాడు ప్రభువు, ఇక ఆయన పేరు నీది’ అంటున్నాడు. దొరబిడ్డతో ‘నువ్వూ ఒకరి సొమ్మువే’ అంటున్నాడు. ‘పొందినవాడు’ అన్న ఒక్క క్రియతో తెలుగు అనువాదం ఈ తేడా పట్టుకుంది. ఎంత మెచ్చుకున్నా తక్కువే.

టెక్కలి నుంచి:

చర్చ బాగుంది. కానీ దయచేసి ‘స్వాతంత్ర్యం’ అని రాయండి. ర తరువాత య. పత్రికలవాళ్లు తిప్పి ‘స్వాతంత్య్రం’ చేశారు, మనమూ దానికే దాసులమయ్యాం.

పొందూరు నుంచి:

అక్కా, నిర్గమకాండము 21 కూడా కలిపి చదవండి. హెబ్రీ దాసుడు ఆరేళ్లు చేస్తే ఏడో ఏట ఊరకే విడిచిపెట్టాలి. వాడు ‘నా యజమానుని ప్రేమిస్తున్నాను, వెళ్లను’ అంటే తలుపు దగ్గర నిలబెట్టి చెవిని ‘కదురుతో’, అంటే నూలు వడికే మొనతో గుచ్చాలి. మూలంలోని మాటకు అర్థం తోలుకు బెజ్జం పొడిచే పనిముట్టు అట. మనవాళ్లు కదురు అన్నారు, ఖద్దరు నేసే మా ఊరివాడిగా నాకు అదే ఇష్టం. మా అమ్మ వాలుగ చేప దవడతో పత్తి దువ్వి రాట్నం మీద వడికేది. కదురు మొన వేలికి తగిలితే ముందు చల్లగా ఉండి, ఆ తరువాత మంట పుడుతుంది. చిన్నప్పుడు ఈ వాక్యం వింటే చెవి తడుముకునేవాణ్ణి.

నేను చెప్పదలచింది క్రమం గురించి. ముందు తలుపు తీస్తారు, ఆ తరువాతే కదురు. పోగలిగినవాడు ఉండిపోతే వాడి దాస్యం వేరు. పౌలు ‘దాసుడు’ను నేను ఈ చెవితో వింటాను.

ఇంకొకటి, ‘తంత్రం’ అంటే సంస్కృతంలో మగ్గం, పడుగు అని కూడా అర్థం. ఆ లెక్కన స్వతంత్రుడంటే సొంత మగ్గం ఉన్నవాడు. మా వీధిలో ఈ అర్థం ఎవరికీ విప్పి చెప్పనక్కరలేదు.

టెక్కలి నుంచి:

తమ్ముడూ, నాలుగో వచనం దాటేశావు. యజమాని చేసిన పెళ్లయితే భార్యా బిడ్డలూ యజమానివారే, వాడొక్కడే పోవాలి. వాళ్లను వదల్లేక ఉండిపోయినవాడి మాటను ప్రేమ అనమంటావా? ‘సేవ’ అన్న మాటనూ అంత తేలిగ్గా నమ్మకు. అదే నిర్గమకాండములో ఐగుప్తీయులు ఇశ్రాయేలీయులచేత ‘కఠినముగా సేవ’ చేయించుకున్నారు, ‘నన్ను సేవించుటకు నా జనులను పోనిమ్ము’ అని దేవుడూ అన్నాడు. హీబ్రూలోనూ రెండుచోట్లా ఒకటే ధాతువు. తేడా యజమానిలోనే ఉంది.

పొందూరు నుంచి:

ఒప్పుకుంటున్నాను, ఆ వచనం నాకూ మింగుడుపడదు. కానీ ద్వితీయోపదేశకాండము 15లో ఇదే చట్టం మళ్లీ వచ్చినప్పుడు భార్యాబిడ్డల ముడి లేదు. పంపేవాణ్ణి వట్టి చేతులతో పంపకూడదని, మందలో నుంచి, కళ్లంలో నుంచి ఇచ్చి పంపాలని ఉంది. మూట కట్టి ఇచ్చాక కూడా ‘పోను’ అన్నవాడికే అక్కడ కదురు.

విజయనగరం నుంచి:

పెద్దలూ, తమ్ముడూ, అందరికీ వందనాలు. మీరు రాసినవి నిన్న రాత్రి ఫోనులో నాన్నకు చదివాను. కళ్లంలో నుంచి ఇచ్చి పంపాలన్న చోట “మాకు చిల్లిగవ్వ ఇవ్వలేదు” అన్నారు. ఆ తరువాత 7:23 చదివాను: ‘మీరు విలువపెట్టి కొనబడినవారు గనుక మనుష్యులకు దాసులు కాకుడి.’ కాసేపు మాట్లాడలేదు. “మళ్లీ చదువు” అన్నారు. చదివాను. “మనుష్యులకు అనే కదా ఉంది?” అని అడిగారు. అవునన్నాను. మొన్నటి వానకు చర్చిలో చాపలు తడిశాయని, పొద్దున్నే ఎండలో వేయాలని చెప్పి ఫోను పెట్టేశారు.