సమస్య: «ఓడినట్టి సేన యోడలేదు» (ఆటవెలది)

ఈ వారం అంశం స్పెయిన్ నుంచి వచ్చిన యుద్ధపు మాట, గెరిల్లా. 1808లో నెపోలియన్ సేనలు స్పెయిన్‌ను ఆక్రమించాయి. 1809 నవంబరులో ఒకాన్యా దగ్గర స్పెయిన్ సైన్యం ఘోరంగా ఓడింది, అయినా కొండల్లో చిన్న చిన్న దళాలు 1814 దాకా పోరాడుతూనే ఉన్నాయి. సమస్యకు కీలకం అక్కడే ఉంది, పూరించండి.

మొదటి పూరణ

పగలు రైతువోలెఁ బైరుఁ గాచినవాఁడు
రాత్రి గుట్టనెక్కి రణముఁ జేసె
కోటలెల్లఁ గూలఁ గొదమసింగములుండ
నోడినట్టి సేన యోడలేదు

వ్యాఖ్య: మొదటి రెండు పాదాలు హాయిగా ఉన్నాయి తమ్ముడూ. కొదమసింగాలు మాత్రం ఏ యుద్ధానికైనా అతుకుతాయి, ఇది స్పెయిన్ అని ఎక్కడ తెలుస్తుంది? పైగా కోటలన్నీ కూలలేదు. సరగోసా, హెరోనా 1809లో లొంగాయి గానీ కాదిజ్ రెండున్నరేళ్ల ముట్టడిని తట్టుకుని నిలబడింది. «కోటలెన్నొ కూల» అంటే గణాలూ సరిపోతాయి, చరిత్రా సరిపోతుంది.

రెండో పూరణ

గెర్ర యన్నఁ బోరు గెర్రియా చిన్నది
చిన్నదయ్యు ఫ్రెంచి సేన వెన్ను
విరిచె నూరి జనము వెంట నిలిచియుండ
నోడినట్టి సేన యోడలేదు

వ్యాఖ్య: భలే! మనం మనిషినీ గెరిల్లా అనేస్తాం గానీ స్పానిష్‌లో ఆ మాట పలుకు గెర్రియా, అర్థం చిన్న యుద్ధం, లేదా ఆ యుద్ధం చేసే దళం, మనిషైతే గెరియేరో. తెలంగాణ సాయుధ పోరాటం నాటి «గెరిల్లా దళం» అన్న వాడుక అసలు అర్థానికి దగ్గరే.

ప్రశ్న: «దయ్యు» తర్వాత సంయుక్తాక్షరం «ఫ్రెం» ఉంది కదా, «య్యు» గురువు కాదా గురువుగారూ?

జవాబు: విడి పదం, సమాసం కాదు, లఘువుగానే తీసుకోవచ్చు. నా అభ్యంతరం వేరు. గెరిల్లాలు ఒక్కరే వెన్ను విరిచారంటే ఎలా? 1812లో సలమాంకా, 1813లో వితోరియా యుద్ధాలు ఆంగ్ల సేనాని వెల్లింగ్టన్ గెలిచినవి. «విరిచె నాంగ్లసేన వెంట నిలిచియుండ» అని మార్చండి, యతి చెడదు.

రెండో పూరణ కవి: సూచన బాగుంది సార్, కానీ ఊరి జనాన్ని తీయలేను. ఫ్రెంచివాళ్లకు ఒక దశలో 3,00,000కు పైగా సైనికులు ఉన్నా, ఉత్తరం మోసే వార్తాహరుడి వెంట కూడా గుర్రపు దళాన్ని పంపాల్సి వచ్చేది, ఎందుకంటే నవార్రాలో ఎస్పోస్ ఇ మినా, కాస్తీయలో ఎల్ ఎంపెసినాదో లాంటి గెరిల్లా నాయకులకు ఎవరు ఎటు పోతున్నారో చెప్పింది, తిండి పెట్టింది, దాచింది ఊళ్లవాళ్లే. వెల్లింగ్టన్ మీద ఇంకో పద్యం రాస్తాను, ఇందులో మాత్రం ఊరే ఉండాలి.