న్యూయార్క్ వాసి డాన్ కర్టిన్ చివరి ప్రయాణం గురించి

అమెరికా ఇంకా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగకముందే, 1941లో, న్యూయార్క్‌కు చెందిన డాన్ కర్టిన్ తన మిత్రుడు జో మెకార్తీతో కలిసి సరిహద్దు దాటి కెనడా రాయల్ వైమానిక దళంలో స్వచ్ఛందంగా చేరారు. మెకార్తీ తరువాత జర్మనీ ఆనకట్టలపై జరిగిన ప్రసిద్ధ దాడిలో పాల్గొని, యుద్ధం నుంచి ప్రాణాలతో బయటపడ్డారు కనుక ఆయన గురించి చదవడానికి చాలానే దొరుకుతుంది. గై గిబ్సన్ నాయకత్వంలోని బ్రిటన్ వైమానిక దళపు 106వ స్క్వాడ్రన్‌లో లాంకాస్టర్ బాంబర్ నడిపిన కర్టిన్ మాత్రం 1943 ఫిబ్రవరిలో జర్మనీ నగరం న్యూరెంబర్గ్‌పై రాత్రి దాడికి వెళ్లి మరణించారు. పుస్తకాల్లో ఆయన ఎక్కువగా మెకార్తీ స్నేహితుడిగానే కనిపించడం నాకు అన్యాయమనిపిస్తుంది.

ఆ రాత్రి ఆయన విమానంలో ఉన్న సిబ్బంది వివరాలు, విమానం కూలిన తీరు తెలుసుకోవాలనుంది. బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్‌లోని స్క్వాడ్రన్ దినచర్య పుస్తకాలనూ, కెనడా ఆర్కైవ్స్‌లోని యుద్ధమృతుల సేవాపత్రాలనూ పరిశీలించినవారు ఎవరైనా ఉంటే, ముందుగా దేనిని చూడాలో, ఇక్కడి నుంచి నకళ్లు ఎలా తెప్పించుకోవాలో దయచేసి తెలుపగలరా?