బుడమేరు దగ్గర మూడెకరాలు: ఒప్పందానికి ముందు ఏమేమి పరీక్ష చేయించాలి?

ప్రశ్న

విజయవాడ రూరల్ మండలంలో, బుడమేరుకు సుమారు అర కిలోమీటరు దూరంలో మా ఉమ్మడి కుటుంబానికి మూడెకరాల పొలం ఉంది. అక్కడ అపార్ట్‌మెంట్లు కట్టేందుకు డెవలప్‌మెంట్ ఒప్పందం చేసుకుందామని ఒక బిల్డరు వచ్చారు. 2024 సెప్టెంబరు వరదలో ఈ పొలంలో నడుము లోతు నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. ఐదడుగుల మెరక వేస్తే ఇక ముంపు ఉండదని, ఏప్రిల్‌లో రెండు బోర్లు వేసి చేయించిన పరీక్షలో నేల గట్టిదని తేలిందని ఆయన అంటున్నారు. సంతకం పెట్టే ముందు మేము ఇంకా ఏమి చూసుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

సమాధానం 1 (నీటిపారుదల పనుల్లో చేసిన ఇంజినీరు)

మట్టి కంటే ముందు నీటి దారి చూడాలండీ. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు. వెలగలేరు రెగ్యులేటరు దగ్గర దాని వరదను మళ్లింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి పంపుతారు. అదే సమయంలో కృష్ణ కూడా నిండుగా ఉంటే కాలువ నీరు నదిలోకి సులువుగా దిగదు. 2024లో రెండు వరదలూ ఒకేసారి వచ్చాయి: బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది, మళ్లింపు కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి, విజయవాడలోని సింగ్‌నగర్ ప్రాంతమంతా మునిగిపోయింది. కాబట్టి ఎగువన కురిసే వాన, దిగువన కృష్ణ మట్టం, మధ్యలో గట్ల బలం, ఈ మూడూ తెలియకుండా మీ పొలం సరిహద్దు లోపల ఎంత పరిశీలించినా అది సగం పరిశీలనే.

చుట్టుపక్కల ఇళ్ల గోడల మీద వరద మరక ఇంకా కనిపిస్తుంది. సర్వేయరు చేత బెంచ్‌మార్కు (ఎత్తు ముందే కొలిచి గుర్తు పెట్టిన చోటు) నుంచి లెవెల్ తీయించి ఆ మరక సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో రాయించండి. జలవనరుల శాఖ దగ్గరున్న గరిష్ఠ వరద మట్టంతో దాన్ని పోల్చండి. మీ పొలానికి వచ్చే రోడ్డు లెవెల్ కూడా తీయించండి, ఎందుకంటే భవనం మెరక మీద ఉండి రోడ్డు మునిగితే లోపలివారికి పాలూ మందులూ పడవలో రావలసిందే.

ఐదడుగుల మెరక గురించి నాకు గట్టి అభ్యంతరం ఉంది. మూడెకరాల మీద అది సుమారు 18,500 ఘనపు మీటర్ల నీరు నిలిచే చోటును పూడ్చేస్తుంది, ఆ నీరు పక్క రైతుల పొలాల్లోకీ ఇళ్లలోకీ పోతుంది. స్తంభాల మీద లేపి కింది అంతస్తును నీరు పారేలా ఖాళీగా వదలడం, కరెంటు ప్యానెళ్లనూ జనరేటరునూ వరద మట్టానికి పైన పెట్టడం మేలు. సెల్లారు ఆలోచన పూర్తిగా మానుకోండి.

సమాధానం 2 (మట్టి పరీక్షల నిపుణుడు)

మూడెకరాలకు రెండు బోర్లు చాలవు. పునాదుల కోసం నేల పరిశీలనపై భారతీయ ప్రమాణమైన ఐఎస్ 1892 పాత ప్రతి (1979) కూడా సుమారు 0.4 హెక్టారు స్థలానికే నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి వేయాలనేది. మీ స్థలం అందుకు మూడింతలు. పైగా ఏప్రిల్‌లో నల్లరేగడి ఎండి బిగుసుకుపోయి ఉంటుంది కనుక అప్పటి గట్టిదనాన్ని నమ్మి పునాది లోతు నిర్ణయించకూడదు. వానల తరువాత భూగర్భ జల మట్టాన్ని మళ్లీ కొలిపించండి, మట్టి ఉబ్బే గుణాన్ని పరీక్షించి నివేదికలో రాయమనండి. లోతున ఇసుక పొరలు ఉంటే, 2016 నాటి ప్రమాణం ప్రకారం విజయవాడ మూడో భూకంప మండలంలో (ఓ మోస్తరు ముప్పు) ఉన్నందున, నీటితో నిండిన ఇసుక కుదుపుకు పట్టు కోల్పోతుందేమో కూడా లెక్క వేయించాలి.

సమాధానం 3 (సర్వే శాఖ విశ్రాంత ఉద్యోగి)

గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల వారీగా పొలాల కొలతల పుస్తకం), పాత రీసర్వే రిజిస్టరు తెప్పించుకోండి. ఇప్పుడు చదునుగా కనిపించే చోట పాత కాగితాల్లో వాగు పోరంబోకు (వాగు కింద నమోదైన ప్రభుత్వ భూమి) గానీ పంట బోదె గానీ ఉండవచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఈ పరీక్షల ఖర్చు మేమే పెట్టుకోవాలని బిల్డరు అంటున్నారు.

సమాధానం 1 రాసినవారు

కుదిరితే మీరే పెట్టుకోండి, అప్పుడు నివేదిక మీ చేతిలో ఉంటుంది, పరీక్షించేవారిని ఎంచుకునే హక్కూ మీకే ఉంటుంది. ఇంకొక మాట: మొత్తం నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లకు చేరితే కేంద్రం 2006లో ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. అది వచ్చేదాకా పని మొదలుపెట్టకూడదనే షరతును ఒప్పందంలోనే రాయించండి.