చమురు లెక్కలు కలవట్లేదు, తెలిసినవాళ్లు చూసి చెప్పండి ప్లీజ్

దేవరకొండ టీచర్:
పొద్దున్నుంచి దీనిమీదే కూర్చున్నాను, తల పగిలిపోతోంది. పిల్లల కోసం ఏ దేశం ఎంత చమురు తీస్తోంది, ఎంత వాడుతోంది, భూమిలో ఇంకా ఎంత ఉంది అని ఒక చార్టు చేస్తున్నా. మూడే మూడు గడులు, ఒక్కటీ కుదరదు. అమెరికా ఉత్పత్తి ఒకచోట రోజుకు 1.3 కోట్ల బ్యారెళ్లు అని ఉంది, ఇంకోచోట 1.9 కోట్లు, మరోచోట 2 కోట్లు దాటించారు. మన దేశం వాడకం నాకు ఏడాదికి 31 కోట్ల టన్నులు వస్తోంది, ప్రభుత్వ లెక్కలో 23 కోట్ల చిల్లర. ఎనిమిది కోట్ల టన్నులు ఎటుపోయినట్టు? ఇరాన్ నిల్వలదీ ఇదే కథ. ఎక్సెల్‌లో ఫార్ములాలన్నీ కరెక్టుగానే ఉన్నాయి. ఏది నిజమో ఎవరైనా చెప్పండి, రేపు ప్రింటుకు ఇవ్వాలి, ఒకటే టెన్షన్.

వనపర్తి:
టన్నులు, బ్యారెళ్లు కలిపేశారు.

దేవరకొండ టీచర్:
కలపలేదండీ, మార్చాకే పెట్టాను.

వనపర్తి:
దేంతో మార్చారు? ఏ ఏడాది? ఎవరి లెక్క?

నల్లగొండ రిటైర్డ్ లెక్చరర్:
అమ్మా, ఉత్పత్తి సంగతి తర్వాత. ముందు ఆ మూడో గడి గురించి చెప్తా వినండి, ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాడిని. నిల్వల అంకెలు ఎవరో పోయి కొలిచి తెచ్చినవి కావు, ఆ దేశాలు ప్రకటించినవి. 1980ల నడుమ కువైట్ 6,700 కోట్ల బ్యారెళ్ల నుంచి ఒక్క ఊపులో 9,200 కోట్లకు ఎగబాకింది. 1988లో సౌదీ 17,000 కోట్ల నుంచి 25,500 కోట్లకు పోయింది. ఆ మధ్యలో అంత పెద్ద బావి ఎక్కడా బయటపడలేదు. అప్పట్లో ఒపెక్‌లో, అంటే చమురు ఎగుమతి చేసే దేశాల కూటమిలో, ఏ దేశం ఎంత తీయాలన్న కోటాల పంచాయితీ నడుస్తోంది, భూమిలో ఎక్కువుందని చూపిస్తే వాటా గట్టిగా అడగొచ్చు. అందుకే పెంచారని చాలామంది అనుమానం. విచిత్రం ఏందంటే ఆ తర్వాత ఏళ్ల తరబడి తోడుతూనే ఉన్నా ఆ అంకె తగ్గదు. ఇక కెనడా చూడండి, 2002 చివరి లెక్కలో ఇసుకలో కలిసిన చమురును కూడా కలిపేసరికి 500 కోట్లు కాస్తా 18,000 కోట్లయింది. వెనెజువెలా ఒరినోకో లోయలోని చిక్కటి నూనెను లెక్కలోకి తెచ్చి 30,000 కోట్లు దాటించి సౌదీని వెనక్కి నెట్టింది. ఇవన్నీ ఒకే గడిలో రాసి పిల్లలకు చూపిస్తే వాళ్లకు ఏమర్థమవుతుంది? నన్నడిగితే ఆ గడే కొట్టేయండి.

దేవరకొండ టీచర్:
సార్, బాగా చెప్పారు. కానీ సిలబస్‌లో నిల్వలు ఉన్నాయి, కొట్టేయడం నా చేతిలో లేదు. నా ఎనిమిది కోట్ల టన్నుల సంగతి ఎవరైనా చెప్తారా?

మిర్యాలగూడ:
మేడం, నిల్వలంటే మన విశాఖపట్నంలో భూగర్భంలో దాచినవి కూడా కలిపారా? విశాఖలో 13.3 లక్షల టన్నులు, మంగళూరులో 15 లక్షలు, పాదూరులో 25 లక్షలు. మొత్తం 53.3 లక్షల టన్నులు. ఇవి వదిలేస్తే మన దేశం తక్కువగా కనిపిస్తుంది.

నల్లగొండ రిటైర్డ్ లెక్చరర్:
అయ్యో, అవి కొని తెచ్చి గుహల్లో పోసుకున్నవయ్యా. పదిరోజులకు కూడా సరిగ్గా సరిపోవు. అవి వేరు, భూమిలో పుట్టినవి వేరు. కలపకూడదు.

మిర్యాలగూడ:
పేపర్లో రెండింటికీ నిల్వలనే రాస్తారు గదా సార్.

నల్లగొండ రిటైర్డ్ లెక్చరర్:
పేపరోళ్లు రాస్తే మనం రాయాలా? నిక్షేపాలు అని రాయమనండి. అందులోనూ రుజువైనవి అని ముందు చేర్చాలి. ఇప్పుడున్న ధరకు, ఇప్పుడున్న మిషన్లతో, గిట్టుబాటుగా తీయగలిగినవే రుజువైనవి. ధర పడిపోతే అదే భూమిలో నిక్షేపాలు తగ్గుతాయి, ధర పెరిగితే పెరుగుతాయి.

అచ్చంపేట:
అయితే మన అమ్రాబాద్ యురేనియం ఏ గడిలోకి వస్తుంది సార్? భూమిలో ఉంది, తీయడానికి మిషన్లూ ఉన్నాయి, 2019 సెప్టెంబరులో అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. నల్లమలలో తవ్వకాలు మొదలుపెడితే ఏమవుతుందో ఎవరికైనా పట్టిందా అసలు.

పెద్దవూర:
అమ్రాబాద్ ఒక్కటేనా, మా లంబాపూర్, పెద్దగట్టు సంగతి ఎవరూ మాట్లాడరేం? దాని గొడవ అంతకన్నా పాతది.

అచ్చంపేట:
అన్నా, మీది పాతదే, కాదన్లేదు. కానీ టైగర్ రిజర్వు మాది.

గ్రూపు అడ్మిన్:
యురేనియం మీద వేరే పోస్టు పెట్టుకోండి. ఇక్కడ మేడం చమురు గురించి అడిగారు.

జడ్చర్ల బంకు:
మేడం, నేను హైవే మీద బంకులో మేనేజర్‌ని. మీరు టన్నంటే వెయ్యి లీటర్లనుకుని లెక్కేశారని నా అనుమానం, 31 కోట్లు రావాలంటే అదొక్కటే దారి. బ్యారెల్‌కు 159 లీటర్లు, వెయ్యి లీటర్లకు 6.29 బ్యారెళ్లు. నీళ్లయితే అది టన్ను. నూనె నీళ్లు కాదు. మా దగ్గరికి ట్యాంకర్ వచ్చిందంటే ముందు ఒక్కో చాంబర్ నుంచి శాంపిల్ తీసి గాజు జారులో పోస్తాం, హైడ్రోమీటర్ వదులుతాం, పక్కనే థర్మామీటర్ ముంచుతాం. రెండు రీడింగులు పట్టుకుని చార్టులో 15 డిగ్రీల దగ్గర సాంద్రత ఎంతో వెతుకుతాం. మా ఎండలకు 15 డిగ్రీల నూనె మేం ఏనాడూ చూడలేదనుకోండి, అయినా లెక్క మాత్రం దానికే కట్టాలి. ఆ అంకెకీ డిపో వాళ్లు చలానా మీద రాసిన అంకెకీ వెయ్యి లీటర్లకు 3 కిలోల కన్నా ఎక్కువ తేడా ఉంటే లోడు దించుకోం. వెయ్యి లీటర్లకు పెట్రోలు 740 కిలోల దగ్గర ఉంటుంది, డీజిల్ 830 దగ్గర. అంటే వెయ్యి లీటర్ల పెట్రోలు ముప్పావు టన్ను కూడా తూగదు. ఇప్పుడు 6.29ని 0.74తో భాగించండి, టన్ను పెట్రోలుకు ఎనిమిదిన్నర బ్యారెళ్లు. డీజిల్‌కు ఏడున్నర. గ్యాస్ సిలిండర్‌లో పోసే ఎల్పీజీ ఇంకా తేలిక, టన్నుకు పదకొండున్నర దాటుతాయి.

వనపర్తి:
అందుకే దేంతో మార్చారని అడిగా.

దేవరకొండ టీచర్:
అవును, 6.29తోనే. నెట్‌లో అదే ఇచ్చారు. రోజుకు 54 లక్షల బ్యారెళ్లను 365తో గుణించి దాంతో భాగించా. మరి ఎంత పెట్టాలి? ఒకాయన 7.33 అన్నాడు.

వనపర్తి:
7.33 క్రూడ్‌కు, అంటే ముడి చమురుకు. మీది వాడకం. వాడేది క్రూడ్ కాదు.

కొల్లాపూర్:
నేను రిఫైనరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాను, ఇప్పుడు సెలవుపై ఊళ్లో ఉన్నా కాబట్టి తీరిగ్గా రాస్తున్నా. వనపర్తి అన్న చెప్పింది కరెక్టే కానీ ఇట్లా ముక్కలు ముక్కలుగా చెప్తే మేడంకు ఎట్లా తెలుస్తుంది. 54 లక్షలు ఇంటూ 365 అంటే 197 కోట్ల బ్యారెళ్లు. 7.33 వేస్తే దాదాపు 27 కోట్ల టన్నులు. కానీ మనం వాడేది డీజిల్, పెట్రోలు, ఎల్పీజీ, నాఫ్తా, వీటితోపాటు బరువైన పెట్‌కోక్, తారు. ఈ కలగలుపుకు టన్నుకు 7.8 నుంచి 8 మధ్య పెట్టుకోవాలి. 7.8 వేస్తే 25 కోట్ల చిల్లర వస్తుంది. ప్రభుత్వం వాళ్ల 2023-24 అంకె 23.4 కోట్ల టన్నులు. మిగిలిన తేడాలో ఎక్కువ భాగం మా రిఫైనరీలు తమ బాయిలర్లలో, ఫర్నేసుల్లో కాల్చుకునేది. సర్కారు లెక్క దాన్ని వాడకంలో కలపదు. బ్రిటిష్ చమురు కంపెనీ బీపీ వాళ్లు మొదలుపెట్టి 2023 నుంచి ఎనర్జీ ఇన్‌స్టిట్యూట్ వేస్తున్న పట్టికలో అది కలుపుతారు. ఇంకోటి, మన అంకె ఏప్రిల్ నుంచి మార్చి దాకా, వాళ్లది జనవరి నుంచి డిసెంబరు దాకా. మీ ఎనిమిది కోట్ల టన్నులు ఎక్కడికీ పోలేదు మేడం, అసలు లేనేలేవు.

అమెరికాది కూడా ఇట్లాంటిదే. 2023లో బావిలోంచి వచ్చిన క్రూడ్ ఒక్కటే తీసుకుంటే రోజుకు 1.29 కోట్లు. సహజవాయువుతో పాటు వచ్చే ప్రొపేన్, ఈథేన్ లాంటి ద్రవాలు ఇంకో 60 లక్షల పైన ఉంటాయి, అవి కలిపితే 1.9 కోట్లు. మొక్కజొన్న ఇథనాల్ లాంటివి, రిఫైనరీలో పెరిగే వాల్యూమ్ కూడా కలిపితే 2 కోట్లు దాటుతుంది. మూడూ నిజమే. సౌదీకి క్రూడ్ అంకె పెట్టి అమెరికాకు మొత్తం ద్రవాల అంకె పెడితే మాత్రం అన్యాయం.

మిర్యాలగూడ:
రిఫైనరీలో పెరగడం ఏందన్నా? మా మిల్లులో క్వింటా వడ్లు పోస్తే 67 కిలోల బియ్యం వస్తే గొప్ప. లోపల పోసినదానికన్నా బయట ఎక్కువ రావడం నేను పుట్టి చూళ్లేదు.

కొల్లాపూర్:
కిలోల్లో పెరగదు అన్నా, బ్యారెళ్లలో పెరుగుతుంది. చిక్కటి నూనెను విరగ్గొట్టి హైడ్రోజన్ ఎక్కిస్తే తేలిక నూనెలవుతాయి, అదే బరువు ఎక్కువ జాగా పడుతుంది. అమెరికాలో ఈ పెరుగుడే రోజుకు 10 లక్షల బ్యారెళ్ల దాకా ఉంటుంది. మన దేశం మొత్తం తీసే క్రూడ్ కన్నా ఎక్కువ.

వనపర్తి:
అయితే దాన్ని ఉత్పత్తి అనకూడదు. దిగుమతి చేసుకున్న క్రూడ్ పెరిగితే అది వాళ్ల ఉత్పత్తి ఎట్లా అవుతుంది?

కొల్లాపూర్:
సరఫరా అనే రాస్తారు చాలా పట్టికల్లో. మనోళ్లే ఉత్పత్తి అని దించుకుంటారు.

వనపర్తి:
సరఫరా వేరు, ఉత్పత్తి వేరు. ముందే చెప్పాల్సింది.

కొల్లాపూర్:
ఇప్పుడు చెప్పిన కదా అన్నా.

గద్వాల అక్క:
మీ టన్నుల గొడవలో అసలుది వదిలేశారు. తలసరి వేయండి మేడం. అమెరికా రోజుకు 2 కోట్ల బ్యారెళ్లు తాగుతోంది, 33 కోట్ల చిల్లర జనం. మనిషికి రోజుకు తొమ్మిదిన్నర లీటర్లు. మనం 54 లక్షలు, 143 కోట్ల జనం. మనిషికి ముప్పావు లీటరు కూడా కాదు, 600 మిల్లీలీటర్లు. ప్రపంచంలో మూడో పెద్ద వినియోగదారు అని మన మీద వేలు చూపిస్తారు గదా, ఈ గడి లేకుండా ఆ చార్టు గోడకు పెట్టొద్దు.

జడ్చర్ల బంకు:
అందులో సగం మా బంకులోనే పోస్తున్నట్టుంటుంది పండగకు ఊళ్లకు పోయేటప్పుడు.

నల్లగొండ రిటైర్డ్ లెక్చరర్:
అమ్మా, ఇంకోటి మర్చిపోయాను. నిక్షేపాలను ఏటా తీసేదానితో భాగించి ఇన్నేళ్లు వస్తాయని మాత్రం రాయకండి. వెనెజువెలా రోజుకు 8 లక్షల బ్యారెళ్లు తీసిన ఏడాది అంకెతో భాగిస్తే వెయ్యేళ్లు దాటుతుంది. వాళ్ల బావులు పాడై, పెట్టుబడి లేక, ఆంక్షల్లో ఇరుక్కుని తక్కువ తీస్తున్నారు కాబట్టి అంత వస్తోంది, అదేదో వాళ్ల గొప్ప కాదు. అమెరికాకు 4,600 కోట్ల బ్యారెళ్లు వేసి భాగిస్తే పదేళ్లు. దశాబ్దాలుగా అది అటూ ఇటూగా పదేళ్ల దగ్గరే ఉంది, అయినా వాళ్ల ఉత్పత్తి ఆగిందా? కొత్తది రుజువవుతూ ఉంటుంది. పిల్లలేమో పదేళ్లలో అమెరికాలో చమురు అయిపోతుందని పరీక్షలో రాసి వస్తారు.

దేవరకొండ టీచర్:
సార్, ఆ గడి ఆల్రెడీ పెట్టేశాను. ఇరాన్‌కు ఏది వేయమంటారు, 15,780 కోట్లా, 20,860 కోట్లా?

నల్లగొండ రిటైర్డ్ లెక్చరర్:
మొదటిది బీపీ పట్టికది, 2020 చివరి దగ్గర ఆగింది. రెండోది ఒపెక్‌ది, ఇరాన్ ప్రకటించినది ప్రకటించినట్టు వేసుకున్నారు. ఏదైనా వేయండి కానీ సౌదీకి కూడా అదే పట్టికలోంచి తీసుకోండి. ఒపెక్‌లో సౌదీ 26,700, బీపీలో 29,700. ఒకటి ఇక్కడిది, ఇంకోటి అక్కడిది వేస్తే వరుసలే తారుమారు అవుతాయి.

వనపర్తి:
పట్టిక పేరు, ఏడాది, యూనిట్. కింద రాయండి. అంతే.

గద్వాల అక్క:
తలసరి కూడా.

దేవరకొండ టీచర్:
7.8 పెట్టా, 25 దగ్గరికి వచ్చింది. ఉత్పత్తికి క్రూడ్ ఒక్కటే ఉంచి మిగతావి తీసేశా. ప్రింటుకు పంపించేశాను. థాంక్స్ అందరికీ.

కొల్లాపూర్:
మేడం, సౌదీకి ఎంత వేశారు? క్రూడ్ అయితే 2023లో 96 లక్షల దగ్గర ఉండాలి. 1.14 కోట్లు వేసుంటే అందులో గ్యాస్ ద్రవాలు కలిసినట్టే.

నల్లగొండ రిటైర్డ్ లెక్చరర్:
అమ్మా, ఆ ఏళ్ల గడి తీసేశారా లేదా?

కల్వకుర్తి:
గ్రూపులో కొత్తగా చేరాను. ఈ చార్టు పీడీఎఫ్ ఉంటే ఎవరైనా పెట్టండి అన్నా, గ్రూప్-2కు పనికొస్తుంది.

మిర్యాలగూడ:
నాకూ.