మారుతి 800 ఫ్లోరుకి తుప్పు చిల్లులు: ఇంట్లో చేసుకోవచ్చా?

పెదవాల్తేరు_800:
అందరికీ నమస్తే. మాది వైజాగ్. మేడెక్కితే సముద్రం కనబడుతుంది, అందుకే మా ఇంట్లో ఇనప సామాను ఏదీ ఎక్కువ కాలం నిలవదు. ఇప్పుడు నాన్నగారి 2006 మారుతి 800 (ఏసీ మోడల్) వంతు వచ్చింది. ఇంజిను బాగానే ఉంది, అమ్మడానికి ఆయన ఒప్పుకోరు. 2021లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయింది, ఆ ఐదేళ్లూ అయిపోవస్తున్నాయి.

మొన్నటి వానలకి లోపల ముక్క వాసన వస్తుంటే మ్యాట్లు ఎత్తి చూశాను. ఎడమ పక్క కాళ్ల దగ్గర రూపాయి బిళ్లంత చిల్లు, కింద రోడ్డు కనబడుతోంది. దాని చుట్టూ రేకు పొరలుగా ఊడి వస్తోంది. వెనక చక్రం పైన అంచు పొడుగునా పెయింటు బుడగలు లేచింది. షెడ్డులో అడిగితే ఫ్లోరు మొత్తం కోసి కొత్త రేకు వెయ్యాలన్నారు, వాళ్లు చెప్పిన రేటు వింటే నాన్నగారికే బండి మీద ప్రేమ తగ్గింది. నా దగ్గర గ్రైండరు, డ్రిల్లు ఉన్నాయి. వెల్డింగ్ రాదు. ఫైబర్ గ్లాస్ మ్యాట్, రెసిన్ తెప్పించి ఇంట్లోనే అతికించుకుంటే నిలుస్తుందా?

స్పానర్_14:
దీనికింత టెన్షన్ ఎందుకు బ్రో. చిల్లులో ఎం-సీల్ ముద్ద పెట్టి నొక్కు, కింద నల్ల కోటింగ్ కొట్టించు. మా ఆల్టోకి అలాగే చేశాం, ఇప్పటిదాకా ఏమీ కాలేదు.

రేకుపని:
పై తమ్ముడి ఆల్టో సంగతి ఆ కోటింగ్ గోకి చూస్తే తెలుస్తుంది. తుప్పు మీద కోటింగ్ కొడితే తడి లోపలే ఉండిపోయి, పైకి నున్నగా కనబడుతూ అడుగున రేకుని తినేస్తుంది.

నేను విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ నేర్చుకున్నాను. ఇప్పుడు షెడ్డు మా అబ్బాయి చూసుకుంటున్నాడు, నాకు తీరిక దొరికింది, అందుకే వివరంగా రాస్తున్నా.

బాబూ, చిల్లు సంగతి తర్వాత. ముందు నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో పట్టుకోవాలి. చిల్లు కింద నుంచి పడిందని అందరూ అనుకుంటారు. ఇలాంటి బళ్లలో ఎక్కువ సార్లు పైనుంచి దిగిన నీళ్లే కారణం. ఎడమ పక్క అంటున్నారు, ఏసీ మోడల్ అంటున్నారు కాబట్టి నా మొదటి అనుమానం ఏసీ నీళ్లు బయటికి పోయే సన్న పైపు మీద. దాంట్లో దుమ్ము పేరుకుంటే ఆ నీళ్లన్నీ డ్యాష్‌బోర్డు కింద ఎడమ పక్కనే కారతాయి. రెండోది ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగు. మూడోది డోరు ప్యాడ్ వెనక అంటించిన ప్లాస్టిక్ షీటు; స్పీకర్లు పెట్టినప్పుడు చింపేస్తారు, మళ్లీ ఎవరూ అంటించరు. ఒకరు లోపల టార్చిలైటుతో కూర్చోండి, ఇంకొకరు బయటనుంచి పైపుతో నీళ్లు పట్టండి, కిందనుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి. తడి ఎక్కడ మొదలైతే అక్కడ జాడ దొరుకుతుంది. ఇది చెయ్యకుండా ఎంత మంచి రేకు వేసినా మళ్లీ ఇదే పని.

తర్వాత సీట్లు విప్పి, కార్పెట్టూ దాని కింద ఫెల్టూ మొత్తం బయటికి తియ్యండి. ఆ ఫెల్టు నీళ్లు పీల్చుకుని నెలల తరబడి వదలదు. స్క్రూడ్రైవరు మొనతో ఫ్లోరంతా పొడుచుకుంటూ వెళ్లండి. గట్టిగా టంగుమంటే రేకు ఉన్నట్టు, దబ్బుమని మోగితే లేనట్టే. రూపాయి బిళ్లంత కనబడిన చిల్లు అరచేయంత అవుతుంది, కంగారు పడకండి.

ఫైబర్ గురించి. ఫ్లోరు మధ్యలో, బరువు పడని చోట చిన్న చిల్లు అయితే ఫైబర్ నిలుస్తుంది. కానీ సీటు బోల్టులు బిగించే చోట, సీటు బెల్టు కొక్కెం దగ్గర, డోరు కింద ఉండే పొడవాటి పెట్టెలో (మేం రన్నింగ్ బోర్డ్ అంటాం), జాకీ పెట్టే చోట, సస్పెన్షన్ పట్టుకునే చోట తుప్పు ఉంటే ఫైబర్ మాటే ఎత్తొద్దు. అక్కడ వెల్డింగే. గుద్దుకున్నప్పుడు మనిషిని కాపాడేది ఆ రేకే.

వెల్డింగ్ రాకపోయినా సగం పైగా పని మీరు చేసుకోవచ్చు. చెడ్డ రేకుని, చుట్టూ తళతళలాడే రేకు వచ్చేదాకా, కోసి తీసెయ్యండి. అట్టముక్కతో ఆకారం తీసుకుని 22 గేజ్ సీఆర్ షీటులో (పూత లేని నున్నటి ఇనప రేకు), అన్ని వైపులా అంగుళం ఎక్కువ ఉండేలా ముక్క కత్తిరించి, సుత్తితో వంపు తెచ్చి పెట్టుకోండి. జీఐ షీటు (జింకు పూత రేకు) వద్దు, వెల్డింగ్ చేసేటప్పుడు వచ్చే జింకు పొగకి చలిజ్వరం పట్టుకుంటుంది. ఇంటి పక్క గేట్లు చేసే ఆయన్ని పిలిచి కడ్డీ వెల్డింగ్ పెట్టించొద్దు, ఈ రేకు పలచన, ముట్టించగానే కొత్త చిల్లు పడుతుంది. మిగ్ మెషీను (కడ్డీ బదులు సన్న తీగతో పలచ రేకుని అతికే వెల్డింగ్) ఉన్న షెడ్డుకి తీసుకెళ్లి, ముక్కలు మీరే ఇచ్చి, చుక్కలు చుక్కలుగా వేయించండి. కోత, సాపు, ప్రైమర్ మీరు చేసుకుంటే కూలి చాలా తగ్గుతుంది.

గ్రైండరు పట్టేముందు బ్యాటరీ వైరు విప్పండి, కింద పెట్రోలు పైపు, బ్రేకు పైపులు ఎటు పోతున్నాయో చూసుకోండి. ట్యాంకు వెనకే ఉంది. కళ్లద్దాలు లేకుండా గ్రైండరు ముట్టుకోవద్దు. ఒక్క జాకీని నమ్మి బండి కింద దూరొద్దు, స్టాండ్లు లేకపోతే ఆ పని షెడ్డుకే వదిలెయ్యండి.

పెదవాల్తేరు_800:
గురువుగారూ, మీ అనుమానం నిజం. ఏసీ పైపులో తీగ పెడితే బురద ముద్ద వచ్చింది, దాని వెనకే గ్లాసుడు నీళ్లు. బీడింగు బాగానే ఉంది.

ఫెల్టు తీశాక చిల్లు అరచేయి దాటింది. రన్నింగ్ బోర్డ్‌లో ముందు చక్రం వైపు స్క్రూడ్రైవరు సులువుగా దిగిపోయింది. అది మిగ్ వెల్డింగ్‌కి రాసేసుకున్నా. సీటు బోల్టుల దగ్గర రేకు గట్టిగా ఉంది. వీల్ ఆర్చ్ (వెనక చక్రం పైన అంచు) బుడగలు మాత్రం నేనే చేస్తాను. లప్పం ఎప్పుడు పెట్టాలి? తుప్పు మీద రాస్తే నల్లబడే ద్రావణం పనిచేస్తుందా?

మంచు_ఊరు:
టొరంటో నుంచి. ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, కాబట్టి తుప్పు గురించి మా వాళ్లకి పీహెచ్‌డీ ఉన్నట్టే. రన్నింగ్ బోర్డ్ వెల్డింగ్ అయ్యాక లోపలి బోలులో క్యావిటీ వ్యాక్స్ (తడి తగలకుండా లోపల పట్టించే మైనం) పొడుగు గొట్టంతో కొట్టించండి. వెల్డింగ్ వేడికి అతుకు చుట్టుపక్కల లోపలి పెయింటు కాలిపోతుంది, తుప్పు మళ్లీ అక్కడే మొదలవుతుంది. డోర్ల అడుగున, రన్నింగ్ బోర్డ్ అడుగున నీళ్లు కారే కన్నాలు ఉంటాయి, కోటింగ్ కొట్టేవాడు వాటిని మూసెయ్యకుండా దగ్గరుండి చూసుకోండి.

రేకుపని:
కెనడా బాబు చెప్పింది అక్షరాలా నిజం. కన్నాలు మూసేసిన బళ్లు మా షెడ్డుకి ఎన్ని వచ్చాయో.

రస్ట్ కన్వర్టర్ అనే ఆ ద్రావణం పైపై తుప్పుకి పనికొస్తుంది, అతుక్కుని ఉన్న సన్న పొరని నల్లగా మార్చి ఆపుతుంది. పొరలుగా లేచిన తుప్పు మీద పోస్తే డబ్బు దండగ. ముందు వైరు బ్రష్షు, తర్వాత 80 నంబరు ఎమ్రీ, అప్పుడు మచ్చలుగా మిగిలిన చోట మాత్రమే అది. వీల్ ఆర్చ్ అంచుని లోపలి వైపు కూడా తడిమి చూడండి. రెండు రేకులు కలిసే చోట బురద పేరుకుంటుంది, బుడగలు లోపలినుంచే వస్తాయి. అక్కడ రేకు అవతలి దాకా పోయి ఉంటే అది కూడా ముక్క వేయించాల్సిందే, లప్పంతో బొక్క పూడ్చకండి.

లప్పం నీళ్లు పీలుస్తుంది. అందుకని శుభ్రమైన రేకు మీద ముందు ఎపాక్సీ ప్రైమర్, అది ఆరాక గీకి పలచగా లప్పం, మళ్లీ ప్రైమర్, అప్పుడు రంగు. లప్పంలో కలిపే హార్డెనర్ డబ్బా మీద ఎంత రాస్తే అంతే, నూటికి రెండు వంతుల దగ్గర ఉంటుంది. త్వరగా గట్టిపడుతుందని ఎక్కువ కలిపితే పగుళ్లు వస్తాయి.

మీ ఊళ్లో ఇప్పుడు గాలిలో తేమ ఎక్కువ. గీకిన రేకుని రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రగా పూసి ఉంటుంది. పొద్దున ఎండ ఎక్కాక మొదలుపెట్టి, థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆ పూటే ప్రైమర్ కొట్టెయ్యండి. ప్రైమర్ పడేదాకా చేతులతో ముట్టుకోవద్దు. కొత్త ఫెల్టు మాత్రం ఇప్పుడే పరచకండి, రెండు మూడు వానలు చూసి, ఫ్లోరు పొడిగానే ఉందని తేలాక వేసుకోండి.